పైథాన్‌లో సొంత కమాండ్ ఇంటర్‌ప్రెటర్ రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు పాలిటెక్నిక్, డిగ్రీ, బీటెక్ చదివే పిల్లలూ, ఊళ్లో మిల్లులకీ కొట్లకీ లెక్కల ప్రోగ్రాములు రాసిచ్చే కుర్రాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. ఉదాహరణలన్నీ ఒకే ప్రోగ్రాం చుట్టూ తిరుగుతాయి: రైస్ మిల్లు గేటు దగ్గర కాంటా గదిలో కూర్చున్న గుమస్తా, వచ్చిన ట్రాక్టర్ల వడ్ల తూకాలు ఎక్కించుకునే ప్రోగ్రాం. పైథాన్ పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నా, కోడ్ కొట్టేటప్పుడు వాటి ఇంగ్లీషు స్పెల్లింగే వాడాలి. కమాండ్ల పేర్లు మాత్రం తెలుగులోనే ఉంచొచ్చు, దాని సంగతి కింద వివరంగా ఉంది.

ప్ర: ఇంటరాక్టివ్ కమాండ్ ఇంటర్‌ప్రెటర్ అంటే ఏమిటి?

ఒక ప్రాంప్ట్ చూపిస్తుంది, మీరు ఒక లైన్ కొడతారు, అది ఆ లైన్ చదివి పని చేసి, జవాబు చూపించి, మళ్లీ ప్రాంప్ట్ ఇస్తుంది. మీరు పొమ్మనేదాకా ఇదే. లైనక్స్‌లో బ్యాష్, పైథాన్ అని కొడితే వచ్చే మూడు బాణాల ప్రాంప్ట్, డేటాబేస్ ముందు కూర్చుని క్వెరీలు కొట్టే ఎస్‌క్యూలైట్ షెల్, పైథాన్ డీబగ్గర్ పీడీబీ, అన్నీ ఈ జాతివే. మన మిల్లు ప్రోగ్రాం నడుస్తుంటే ఇలా ఉంటుంది:

మిల్లు> తూకం 41 62 16
టోకెన్ 41: 62 బస్తాలు, తేమ 16 శాతం. ఎక్కింది.
మిల్లు> తూకం 42 55 21
టోకెన్ 42: తేమ 21 శాతం ఉంది, 17 దాటింది. అయినా ఎక్కించాలంటే చివర 'సరే' కలిపి కొట్టండి.
మిల్లు> చూపు
41: 62 బస్తాలు

ప్ర: ఈ రోజుల్లో ఫోన్ యాప్ ఉండాలి, వెబ్ పేజీ ఉండాలి గానీ ఈ నల్ల తెర ఎవరికి కావాలి?

రోజంతా ఒకే నాలుగైదు పనులు, వందలసార్లు, కీబోర్డు మీద చెయ్యి తీయకుండా చేసేవాళ్లకి కావాలి. వానాకాలం కోతలప్పుడు మిల్లు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే, గుమస్తా మౌస్ పట్టుకుని బాక్సు బాక్సుకీ క్లిక్ చేసుకుంటూ కూర్చోలేడు. 'తూకం 41 62 16' అని ఒక్క లైన్ కొట్టి ఎంటర్ నొక్కితే పని అయిపోవాలి. నెట్ అక్కర్లేదు, పాత కంప్యూటర్ చాలు. మీ వైపు నుంచి చూసినా స్క్రీన్లు డిజైన్ చేసే బాధ లేదు కాబట్టి ఒక పూటలో పనికొచ్చే ముక్క చేతికొస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే వాడేవాళ్లకి, కమాండ్లు గుర్తుపెట్టుకునే అవసరం లేనివాళ్లకి మాత్రం ఫారమే మంచిది, అక్కడ దీన్ని బలవంతంగా రుద్దకండి.

ప్ర: వైల్ లూప్‌లో ఇన్‌పుట్ పెట్టి, కింద ఇఫ్, ఎలిఫ్ రాస్తే సరిపోదా?

రెండు కమాండ్ల దాకా సరిపోతుంది. తర్వాత హెల్ప్ కావాలంటారు, ట్యాబ్ కొడితే పేరు పూర్తవ్వాలంటారు, పేరు తప్పు కొడితే చెప్పాలంటారు, ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోతే ఎలిఫ్‌ల తోక పెరిగి చివరికి మీరు రాసింది పైథాన్‌లో ఎప్పటినుంచో ఉన్న సీఎండీ మాడ్యూల్‌కి నాసిరకం నకలు అవుతుంది. అదెలాగూ పైథాన్‌తోనే వస్తుంది, పిప్‌తో (బయటి ప్యాకేజీలు దించుకునే పనిముట్టు) పనిలేదు. మొదటి రోజే దాన్ని తీసుకోండి.

ప్ర: కనీసం ఎంత కోడ్ రాస్తే ప్రాంప్ట్ వస్తుంది?

ఇంతే:

ఇంపోర్ట్ సీఎండీ

క్లాస్ మిల్లు(సీఎండీ.సీఎండీ):
    ప్రాంప్ట్ = "మిల్లు> "
    డెఫ్ డూ_తూకం(సెల్ఫ్, మిగతా):
        ప్రింట్("వచ్చింది:", మిగతా)

మిల్లు().సీఎండీలూప్()

క్లాసులో 'డూ_' అని మొదలయ్యే ప్రతి మెథడూ ఒక కమాండ్ అవుతుంది. లైన్‌లో మొదటి మాట కమాండ్ పేరు, ఆ తర్వాత ఉన్నదంతా ఒకే స్ట్రింగ్‌గా మీ మెథడ్‌కి వస్తుంది. క్లాస్ పేరుగా వచ్చే సీఎండీలో మొదటి అక్షరం పెద్దది, మాడ్యూల్ పేరు మొత్తం చిన్న అక్షరాలు, ఇది తికమక పెట్టే చోటు కాబట్టి చూసుకుని కొట్టండి. (ఇక్కడ కమాండ్ పేరు తెలుగులో ఉంది, ఇది ఉన్నదున్నట్టు నడవదు. ఎందుకో, ఏ ఒక్క లైన్ కలిపితే నడుస్తుందో కింద చెప్పాను. అప్పటిదాకా ఇంగ్లీషు పేరుతో ప్రయత్నించండి.) ఇంకో సంగతి, ఈ ఫైల్‌కి పొరపాటున కూడా సీఎండీ డాట్ పై అని పేరు పెట్టొద్దు. పెడితే ఇంపోర్ట్ మీ ఫైల్‌నే లాక్కొచ్చి, ఆ క్లాసే లేదని ఎర్రర్ ఇస్తుంది.

ప్ర: ఊరికే ఎంటర్ కొడితే ముందు కొట్టిన కమాండ్ మళ్లీ నడుస్తోంది. నా కోడ్‌లో ఎక్కడుంది తప్పు?

మీ కోడ్‌లో లేదు. ఖాళీ లైన్ వస్తే చివరి కమాండ్‌నే మళ్లీ నడపడం సీఎండీ మాడ్యూల్‌కి పుట్టుకతో వచ్చిన అలవాటు. డీబగ్గర్‌లో ఇది హాయిగా ఉంటుంది, పీడీబీలో 'నెక్స్ట్' అని ఒక్కసారి కొట్టి తర్వాత ఎంటర్ నొక్కుకుంటూ లైన్ లైన్‌గా ముందుకు పోవచ్చు.

కానీ ఇదే అలవాటు కాంటా గదిలో ఏం చేస్తుందో చూడండి. గుమస్తా 'తూకం 41 62 16' కొట్టాడు, ఎంటర్ నొక్కాడు, ఎక్కిందో లేదో అని ఇంకోసారి ఎంటర్ నొక్కాడు. అదే టోకెన్ మీద మరో 62 బస్తాలు ఎక్కాయి. 40 కిలోల బస్తాలైతే 2480 కిలోలు, దాదాపు రెండున్నర టన్నుల వడ్లు, మిల్లులోకి రాకుండానే లెక్కలోకి వచ్చాయి. తెర మీద ఏ ఎర్రరూ ఉండదు, రెండోసారి కూడా 'ఎక్కింది' అనే వస్తుంది. సాయంత్రం స్టాక్ కలవదు, ఎవరు తప్పు రాశారని హమాలీలకీ గుమస్తాకీ మాటా మాటా పెరుగుతుంది. డబ్బులో సరుకో దేన్నైనా మార్చే ప్రతి ప్రోగ్రాంలో ఈ అలవాటు మాన్పించడం మొదటి పని అని నేను గట్టిగా చెప్తాను. 'ఎంప్టీలైన్' అనే మెథడ్ మీ క్లాసులో రాసి లోపల 'పాస్' పెట్టండి. రెండే లైన్లు.

దానితో ఆగకుండా, ఒకే టోకెన్ రెండోసారి వస్తే ప్రోగ్రామే నిలదీసి అడిగేలా కూడా రాయండి. ఎంటర్ వల్ల కాకపోయినా, పై బాణం నొక్కి పాత లైన్‌నే మళ్లీ పంపేయడం మనుషులు చేసే పనే.

ప్ర: బయటికి ఎలా రావాలి?

'డూ_' మెథడ్ నుంచి ట్రూ తిరిగొస్తే లూప్ ఆగిపోతుంది. కాబట్టి 'డూ_చాలు' అని రాసి, రిటర్న్ ట్రూ పెడితే 'చాలు' అని కొట్టి బయటపడొచ్చు. ఇందులో దాగిన చిక్కు ఒకటి ఉంది. వేరే కమాండ్ మెథడ్ చివర, పని బాగా అయిందని చెప్పడానికి అలవాటు కొద్దీ రిటర్న్ ట్రూ అని రాస్తే, ఆ కమాండ్ కొట్టగానే ప్రోగ్రాం మూసుకుపోతుంది. మరీ ట్రూనే కానక్కర్లేదు, నిజం కిందికి వచ్చే ఏ విలువైనా అంతే, బస్తాల సంఖ్య తిరిగిచ్చినా బయటికి తోసేస్తుంది. కమాండ్ మెథడ్లు ఏమీ తిరిగివ్వకపోవడమే పద్ధతి.

లైనక్స్‌లో కంట్రోల్ డీ, విండోస్‌లో కంట్రోల్ జెడ్ కొట్టి ఎంటర్ నొక్కితే ఇన్‌పుట్ అయిపోయిందని అర్థం. అప్పుడు సీఎండీ మాడ్యూల్ 'ఈఓఎఫ్' అనే మూడు పెద్ద అక్షరాల్ని మామూలు లైన్ లాగే మీకు పంపిస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే కంట్రోల్ డీ కొట్టిన ప్రతిసారీ తెలియని కమాండ్ అని తిడుతుంది. ఇంకా ఘోరం, ఫైల్ నుంచి లైన్లు పంపిస్తున్నప్పుడైతే ఫైల్ అయిపోయాక అదే తిట్టు ఆగకుండా తెర నిండా పరిగెడుతుంది. 'డూ_ఈఓఎఫ్' రాస్తే సరిపోతుంది గానీ ఆ పేరు హెల్ప్ లిస్టులో కూడా కనపడి గుమస్తాని కంగారు పెడుతుంది. నేనైతే తెలియని కమాండ్లు వచ్చి పడే 'డిఫాల్ట్' మెథడ్‌లోనే, వచ్చిన లైన్ ఈఓఎఫ్ అయితే ట్రూ ఇచ్చేస్తాను.

ప్ర: కంట్రోల్ సీ కొడితే పెద్ద ట్రేస్‌బ్యాక్ చూపించి చచ్చిపోతోంది.

సీఎండీలూప్ కీబోర్డ్ఇంటరప్ట్‌ని పట్టుకోదు, అది మీరే చూసుకోవాలి. లూప్ పిలిచే చోట వైల్ ట్రూ పెట్టి, ట్రైలో సీఎండీలూప్, తర్వాత బ్రేక్, ఎక్సెప్ట్ కీబోర్డ్ఇంటరప్ట్‌లో ఒక కొత్త లైన్ ప్రింట్ చేసి మళ్లీ మొదటికి. మళ్లీ పిలిచినప్పుడు స్వాగతం మెసేజ్ ఇంకోసారి రాకుండా 'ఇంట్రో'ని ఖాళీ చేయండి. లూప్ మొదలయ్యే ముందు నడిచే 'ప్రీలూప్' మెథడ్ కూడా రెండోసారి నడుస్తుంది, కాబట్టి ఫైల్ తెరవడం లాంటివి అందులో పెడితే జాగ్రత్త. ఇలా మధ్యలో తెగినప్పుడు, లూప్ ముగిశాక నడవాల్సిన 'పోస్ట్‌లూప్' మాత్రం నడవదు, అందుకే తప్పకుండా జరగాల్సిన పనులు అక్కడ పెట్టొద్దు, ప్రోగ్రాం మూసుకునేటప్పుడు పనులు నడిపే ఎట్‌ఎగ్జిట్ మాడ్యూల్‌కి అప్పజెప్పండి.

ప్ర: బస్తాల చోట 'అరవై' అని కొడితే మొత్తం ప్రోగ్రాం కూలిపోయింది.

ఇంట్ దగ్గర వాల్యూఎర్రర్ వచ్చింది, ఎవరూ పట్టుకోలేదు, లూప్‌తో సహా కొట్టుకుపోయింది. ప్రతి మెథడ్‌లో ట్రై రాసుకుంటూ పోవడం కన్నా ప్రతి లైన్‌నీ నడిపే 'వన్‌సీఎండీ' మెథడ్‌ని మీ క్లాసులో మళ్లీ రాసి (ఓవర్‌రైడ్ చేసి), లోపల అసలుదాన్ని ట్రైలో పిలవండి, వాల్యూఎర్రర్ వస్తే ఒక లైన్ మెసేజ్, మిగతా ఎక్సెప్షన్లని లాగ్ ఫైల్‌లోకి పూర్తి ట్రేస్‌బ్యాక్‌తో సహా రాసి, తెర మీద మాత్రం 'ఈ లైన్ ఎక్కలేదు' అని చూపించండి. ఈ మాట ముఖ్యం. తప్పు వచ్చినప్పుడు కూర్చున్న మనిషికి కావాల్సింది ఒక్కటే: ఆ తూకం లెక్కలోకి పోయిందా, లేదా? చాలా ప్రోగ్రాములు ఎర్రర్ అంటాయి గానీ ఇది చెప్పవు. దాంతో మళ్లీ కొట్టాలా వద్దా అని టెన్షన్.

మెసేజ్‌లో ఏం కావాలో ఒక ఉదాహరణ కూడా ఇవ్వండి:

మిల్లు> తూకం 43 అరవై 15
ఎక్కలేదు. బస్తాల చోట 'అరవై' ఉంది, అంకె కావాలి. ఇలా కొట్టండి: తూకం 43 60 15

అంకె అయినంత మాత్రాన సరైనదని కాదు. బస్తాలూ తేమా తారుమారై 'తూకం 43 15 60' అని వస్తే అన్నీ అంకెలే, పైథాన్‌కి ఏ అభ్యంతరమూ ఉండదు. తేమ 60 శాతం ఉన్న వడ్లు ఎక్కడా ఉండవని మీకు తెలుసు, గుమస్తాకి తెలుసు, ఆ తెలివి ప్రోగ్రాంలోకి ఎక్కించాల్సింది మీరు. సర్కారు కొనుగోలు కేంద్రాల్లో తేమ 17 శాతం దాటితే తీసుకోరు, కాబట్టి 17 దగ్గర హెచ్చరిక పెట్టి, 35 దాటితే అసలు ఎక్కించొద్దు అని పెట్టుకోవచ్చు. ఇలాంటి హద్దులు ఎక్కడ పెట్టాలో కంప్యూటర్ ముందు కూర్చుని ఊహించొద్దు, కాంటా దగ్గర ఒక పూట నిలబడి అడిగి తెలుసుకోండి.

ప్ర: ఆర్గ్యుమెంట్లని ఎలా విడగొట్టాలి? స్ప్లిట్ చాలా?

అన్నీ అంకెలే అయితే చాలు. మధ్యలో ఖాళీ ఉన్న పేర్లు వస్తేనే చిక్కు. 'నేరేడుచర్ల రోడ్డు' అని కొటేషన్లలో పెట్టి ఒకే మాటగా పంపాలంటే షెలెక్స్ మాడ్యూల్‌లోని స్ప్లిట్ వాడండి, తెలుగుతో కూడా బాగానే పనిచేస్తుంది. కొటేషన్ మూయడం మరిచిపోతే వాల్యూఎర్రర్ ఇస్తుంది, పై జవాబులో చెప్పిన వన్‌సీఎండీ దాన్ని పట్టుకుంటుంది. విండోస్ ఫైల్ దారులు తీసుకునే కమాండ్ ఉంటే మాత్రం చూసుకోండి, షెలెక్స్ వెనక్కి వాలిన గీతల్ని మింగేస్తుంది.

కొందరు ఆర్గ్‌పార్స్ తెచ్చి లోపల పెడతారు. అది తప్పు ఆర్గ్యుమెంట్ చూడగానే సిస్టంఎగ్జిట్ లేపి బయటికి పోయేలా తయారైన మాడ్యూల్, ఒక్కసారి నడిచి ఆగే ప్రోగ్రాముల కోసం చేసింది. సిస్టంఎగ్జిట్ 'ఎక్సెప్ట్ ఎక్సెప్షన్'కి చిక్కదు, విడిగా పేరు పెట్టి పట్టుకోవాలి. పైథాన్ 3.9 నుంచి 'ఎగ్జిట్_ఆన్_ఎర్రర్' అనే ఆప్షన్ వచ్చింది గానీ దాని మీదే భరోసా పెట్టుకోకుండా సిస్టంఎగ్జిట్‌ని కూడా పట్టుకోండి.

ప్ర: కమాండ్ల పేర్లు తెలుగులో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, పెట్టాలి కూడా. కాంటా దగ్గర ఎవరూ వెయిట్ అనరు, తూకం అంటారు, తరుగు అంటారు, బాకీ అంటారు. రోజూ నోట్లో ఆడే మాటే కమాండ్ అయితే నేర్పించాల్సిన పని సగం తగ్గుతుంది.

పైథాన్ 3 మొదలైన 2008 నుంచి వేరియబుల్స్‌కీ మెథడ్లకీ తెలుగు పేర్లు చెల్లుతాయి. 'డూ_తూకం' అన్న మెథడ్ ఏ గొడవా లేకుండా కంపైల్ అవుతుంది. అయినా 'తూకం 41 62 16' అని కొడితే మాత్రం తెలియని సింటాక్స్ అంటుంది. కారణం సీఎండీ క్లాసులో 'ఐడెంట్‌క్యార్స్' అనే ఒక స్ట్రింగ్. లైన్‌ని మొదటినుంచి చదువుతూ, ఆ స్ట్రింగ్‌లో ఉన్న అక్షరాలు వచ్చినంతసేపూ కమాండ్ పేరు అనుకుంటుంది, లేని అక్షరం తగలగానే ఆగిపోతుంది. ఆ స్ట్రింగ్‌లో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. 'త' దగ్గరే ఆగిపోయింది, పేరు ఖాళీగా మిగిలింది, లైన్ మొత్తం డిఫాల్ట్‌కి పోయింది.

మందు సులువు. యూనికోడ్‌లో తెలుగుకి ఇచ్చిన చోటు 3072 నుంచి 3199 దాకా, 128 స్థానాలు. రేంజ్(3072, 3200)లో ప్రతి అంకెకీ సీహెచ్ఆర్ తీసి కలిపి, పాత ఐడెంట్‌క్యార్స్‌కి తగిలించి మీ క్లాసులో పెట్టుకోండి. అచ్చులు, హల్లులే కాదు, గుణింతం గుర్తులూ పొల్లూ సున్నా కూడా ఈ 128లోనే ఉంటాయి, అన్నీ రావాలి. ఏరి ఏరి కొన్ని అక్షరాలే పెడితే 'తూకం'లో 'త' దాటాక ఊకారం దగ్గర తెగిపోతుంది.

ఇంకో గుంట ఉంది. పొల్లుతో ఆగే మాటలు, 'స్టాక్‌లు' లాంటివి, తెలుగులో టైప్ చేసేటప్పుడు కంటికి కనపడని ఒక అక్షరం మధ్యలో పడుతుంది, ఒత్తు కలవకుండా ఆపేది అదే. దాని నంబరు 8204, తెలుగు చోటుకి బయట ఉంటుంది. పైథాన్ దాన్ని పేర్లలో ఒప్పుకోదు, సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. అందుకని అది అవసరం లేని మాటలే కమాండ్లుగా ఏరుకోండి: తూకం, తరుగు, చూపు, రద్దు, బాకీ, చాలు. వాడేవాడి కీబోర్డు ఎక్కడైనా దాన్ని చొప్పించినా ఇబ్బంది రాకుండా, ప్రతి లైన్ నడిచే ముందు పిలిచే 'ప్రీసీఎండీ' మెథడ్‌లో లైన్ నుంచి ఆ అక్షరాన్ని తీసేసి లోపలికి పంపించండి.

టైపింగ్ స్పీడు రానివాళ్ల కోసం ప్రతి తెలుగు కమాండ్‌కీ ఇంగ్లీషు అక్షరాల పొట్టి పేరు కూడా ఒకటి పెట్టండి. క్లాసులోనే 'డూ_టీ = డూ_తూకం' అని ఒక లైన్ రాస్తే రెండూ పనిచేస్తాయి.

ప్ర: తెలుగు అంకెలు కొడితే?

పైథాన్ ఇంట్‌కి ౪౧ అని ఇచ్చినా 41 అనే చదువుతుంది, మీరు ఏమీ చేయనక్కర్లేదు.

ప్ర: తెలుగు పేర్లు ప్రింట్ చేస్తే నిలువు వరసలు వంకర పోతున్నాయి.

పైథాన్‌లో స్ట్రింగ్ పొడవంటే కోడ్ పాయింట్ల లెక్క. 'మిర్యాలగూడ' మనకి అయిదు అక్షరాలు, పైథాన్‌కి పది. 'ఎల్‌జస్ట్' ఆ పదిని బట్టి ఖాళీలు పెడుతుంది, టెర్మినల్ తన ఫాంటుని బట్టి ఇంకో వెడల్పు వేస్తుంది, రెండూ కలవవు. కొన్ని టెర్మినళ్లు ఒత్తుల్నే సరిగ్గా వేయవు. దీనికి పూర్తి మందు లేదు, కానీ దాటుకునే దారి ఉంది: అంకెల కాలమ్స్ అన్నీ ఎడమవైపు పెట్టి, తెలుగు పేరుని లైన్ చివరికి తోసేయండి. చివర ఏమైనా వంకర కనపడదు. హెల్ప్ కొడితే సీఎండీ వేసే కమాండ్ల పట్టికకీ ఇదే జబ్బు, డూ_హెల్ప్‌ని ఓవర్‌రైడ్ చేసి లైన్‌కొకటి చొప్పున మీరే వేసుకోండి.

ప్ర: ట్యాబ్ కంప్లీషన్ ఎలా?

కమాండ్ల పేర్లకి ఏమీ రాయకుండానే వస్తుంది. ఆర్గ్యుమెంట్లకి కావాలంటే 'కంప్లీట్_చూపు' లాంటి మెథడ్ రాయాలి, దానికి నాలుగు వస్తాయి: ఇప్పటిదాకా కొట్టిన ముక్క, మొత్తం లైన్, ఆ ముక్క మొదలైన చోటు, ముగిసిన చోటు. ఆ ముక్కతో మొదలయ్యే పేర్ల లిస్టు తిరిగిస్తే చాలు. వడ్ల రకాల పేర్లలో అడ్డగీత ఉంటే ట్యాబ్ తిక్కగా ప్రవర్తిస్తుంది, ఎందుకంటే లైన్ దిద్దుకోవడం, ట్యాబ్, హిస్టరీ చూసుకునే రీడ్‌లైన్ మాడ్యూల్ అడ్డగీతని మాట అయిపోయిన గుర్తుగా చూస్తుంది. 'సెట్_కంప్లీటర్_డీలిమ్స్' తో ఆ గుర్తుని లిస్టులోంచి తీసేయండి.

ప్ర: విండోస్‌లో ట్యాబ్ అసలు పనిచేయట్లేదు.

విండోస్ పైథాన్‌లో రీడ్‌లైన్ మాడ్యూల్ ఉండదు. పైరీడ్‌లైన్3 అనేది పిప్‌తో వేసుకుంటే పని జరుగుతుంది. పై బాణంతో పాత లైన్లు మాత్రం విండోస్ కన్సోల్ తనంతట తానే చూపిస్తుంది. మన దగ్గర మిల్లుల్లో, కొట్లలో ఉండేవి దాదాపు అన్నీ విండోస్ మెషీన్లే, కాబట్టి మీ లైనక్స్ ల్యాప్‌టాప్‌లో నడిచిందని అక్కడికి వెళ్లేముందు ఒకసారి విండోస్ మీద చూసుకుని వెళ్లండి. మ్యాక్ వాళ్లకి ఇంకో సంగతి, అక్కడ రీడ్‌లైన్ వెనకాల లిబ్‌ఎడిట్ ఉండొచ్చు, ట్యాబ్ కట్టే పద్ధతి దానికి వేరు.

ప్ర: కొట్టిన కమాండ్లు రేపటికి కూడా గుర్తుండాలంటే?

మొదలయ్యేటప్పుడు రీడ్‌లైన్‌లోని రీడ్_హిస్టరీ_ఫైల్, ముగిసేటప్పుడు ఎట్‌ఎగ్జిట్ ద్వారా రైట్_హిస్టరీ_ఫైల్. మొదటిసారి ఆ ఫైల్ ఉండదు, ఫైల్‌నాట్‌ఫౌండ్ ఎర్రర్ పట్టుకోండి. సెట్_హిస్టరీ_లెంగ్త్ పెట్టకపోతే పెరుగుతూనే పోతుంది. పాస్‌వర్డ్ లాంటిది ఏదైనా కమాండ్ లైన్‌లోనే అడిగితే అది కూడా హిస్టరీ ఫైల్‌లో పచ్చిగా కూర్చుంటుంది, అలాంటివి గెట్‌పాస్ మాడ్యూల్‌తో విడిగా అడగండి.

ప్ర: డేటా ఎక్కడ దాచాలి? లిస్టులో పెట్టి చివర్లో ఫైల్‌కి రాస్తే?

చివర అనేది రాకపోవచ్చు. మధ్యాహ్నం కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ ఏనాడో చచ్చిపోయి ఉంటుంది, పొద్దుటినుంచి కొట్టిన తూకాలన్నీ దాంతోపాటే పోతాయి. ఎస్‌క్యూలైట్3 మాడ్యూల్ పైథాన్‌తోనే వస్తుంది, ప్రతి కమాండ్ చివర కమిట్ చేయండి (అంటే డేటాబేస్‌లో ఖాయం చేయండి), కమిట్ అయ్యాకే 'ఎక్కింది' అని ప్రింట్ చేయండి. ఈ వరస తారుమారు కావొద్దు. కమిట్ పిలవకుండా వదిలేస్తే, ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ చూపులో అన్నీ కనపడతాయి, మూసి తెరిస్తే ఖాళీ.

'రద్దు' కమాండ్ కూడా మొదటి రోజే రాయండి. చెరిపేయడం కాకుండా, రద్దయిన వరసకి గుర్తు పెట్టి ఉంచండి. రైతు వచ్చి నా తూకం ఏమైందని అడిగితే ఎప్పుడు ఎక్కిందీ ఎప్పుడు రద్దయిందీ చూపించగలగాలి, అది ఆయన పంట డబ్బు.

ప్ర: లెక్కలు కట్టే కమాండ్‌కి, స్ట్రింగ్‌ని పైథాన్ కోడ్‌గా నడిపే ఇవాల్ వాడితే ఒక్క లైన్‌లో అయిపోతుంది కదా?

అయిపోతుంది, దాంతోపాటు ఆ లైన్‌లో ఎవరైనా ఏ పైథాన్ కోడ్ అయినా నడపొచ్చు, ఫైళ్లు చెరిపే కోడ్‌తో సహా. వాడొద్దు. అంకెలు, లిస్టులు మాత్రమే చదవాలంటే ఏఎస్‌టీ మాడ్యూల్‌లో లిటరల్_ఇవాల్ ఉంది. కూడికలు తీసివేతలు కావాలంటే అదే మాడ్యూల్‌తో లైన్‌ని ముక్కల చెట్టుగా విడగొట్టి (పార్స్ చేసి), మీరు ఒప్పుకున్న గుర్తులే నడిచేలా చిన్న ఫంక్షన్ రాసుకోండి, పాతిక ముప్పై లైన్లలో అయిపోతుంది, పైగా ఇంటర్‌ప్రెటర్ లోపల ఏం జరుగుతుందో దానితోనే బాగా తెలుస్తుంది.

ఆశ్చర్యార్థకం గుర్తుతో మొదలయ్యే లైన్‌ని సీఎండీ 'డూ_షెల్'కి పంపుతుంది. మీరు ఆ మెథడ్ రాయకపోతే ఏమీ కాదు. రాసి, వచ్చిందల్లా ఆపరేటింగ్ సిస్టంకి అప్పజెప్తే మాత్రం కాంటా గదిలో కంప్యూటర్ మొత్తం తెరిచిపెట్టినట్టే.

ప్ర: దీన్ని టెస్ట్ చేయడం ఎలా? ప్రతిసారీ కూర్చుని కొట్టాలా?

అక్కర్లేదు. ఆబ్జెక్ట్ తయారు చేసి వన్‌సీఎండీకి నేరుగా 'తూకం 41 62 16' అని స్ట్రింగ్ ఇవ్వండి, తర్వాత డేటాబేస్ చూడండి. ప్రింట్ అయ్యేది కూడా పరీక్షించాలంటే మెథడ్లలో ఊరికే ప్రింట్ అనకుండా ఫైల్ ఆర్గ్యుమెంట్‌గా సెల్ఫ్.ఎస్‌టీడీఅవుట్ ఇవ్వండి, టెస్టులో దాని చోట, రాసిందంతా మెమరీలో పట్టుకునే స్ట్రింగ్ఐఓ పెట్టొచ్చు. ఇన్‌పుట్‌కీ ఎస్‌టీడీఇన్ ఇచ్చి, అయినా కీబోర్డు కోసమే ఎదురుచూస్తోందని చాలామంది తల పట్టుకుంటారు: 'యూజ్_రాఇన్‌పుట్'ని ఫాల్స్ చేస్తే తప్ప మీరిచ్చిన ఎస్‌టీడీఇన్ వైపు అది చూడదు.

మామూలు లైన్ల కన్నా చెడ్డ లైన్లే ఎక్కువ పరీక్షించండి. ఖాళీ లైన్, ఖాళీలు మాత్రమే ఉన్న లైన్, రెండుసార్లు వచ్చిన టోకెన్, తారుమారైన అంకెలు, మూయని కొటేషన్, మధ్యలో కంట్రోల్ సీ. రోజూ వచ్చేవి ఇవే.

ప్ర: సీఎండీ2, ప్రాంప్ట్ టూల్‌కిట్ అంటారు కదా, అవెప్పుడు?

సీఎండీ2 ఇదే పద్ధతిలో ఉంటుంది, ఆర్గ్‌పార్స్ కలపడం, స్క్రిప్టులు నడపడం లాంటివి సిద్ధంగా ఇస్తుంది. కమాండ్లు ఇరవై దాటి, వాటికి ఆప్షన్లు పెరిగితే దానికి మారండి. ప్రాంప్ట్ టూల్‌కిట్ వేరే రకం: కొడుతుంటేనే రంగులు, కింద జారే మెనూ, ఒకటికి మించి లైన్లు దిద్దుకోవడం. ఐపైథాన్ ఇప్పుడు దాని మీదే నడుస్తుంది, విండోస్‌లో కూడా రీడ్‌లైన్ లేకుండా పనిచేస్తుంది. రెండూ పిప్‌తో వేసుకోవాలి, నెట్ లేని మెషీన్‌కి పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్లాలి. నేర్చుకునేవాళ్లు ముందు సీఎండీతోనే ఒకటి పూర్తిగా చేయాలని నా మాట.

ప్ర: కమాండ్లు కాదు, వేరియబుల్స్, లూపులు ఉన్న సొంత భాషే చేయాలనుంది.

మంచి కోరిక. అక్కడ కొత్తగా వచ్చే చిక్కు, లైన్ పూర్తయిందా ఇంకా ఉందా అని తెలుసుకోవడం. పైథాన్ తనకోసం ఇది ఎలా చేసుకుంటుందో కోడ్, కోడ్ఆప్ అనే మాడ్యూళ్లలో చూడొచ్చు. కోడ్ఆప్‌లోని కంపైల్_కమాండ్‌కి సగం రాసిన 'ఫర్' ఇస్తే నన్ తిరిగిస్తుంది, అంటే ఇంకా రావాలి అని. పూర్తయింది ఇస్తే కోడ్ ఆబ్జెక్ట్. తప్పు ఇస్తే సింటాక్స్ఎర్రర్. ఈ మూడు జవాబులు మీ పార్సర్ కూడా ఇవ్వగలిగితే రెండో ప్రాంప్ట్ మూడు చుక్కలు చూపించడం చిటికెలో పని. పైథాన్ లోపలే పైథాన్ ప్రాంప్ట్ తెరవాలంటే కోడ్ మాడ్యూల్‌లో ఇంటరాక్టివ్‌కన్సోల్ ఉంది. ఆ మధ్య, 2024 అక్టోబరులో వచ్చిన 3.13తో పైథాన్ సొంత ప్రాంప్ట్ కూడా మారింది, పైపై అనే (పైథాన్‌ని ఇంకో రకంగా అమలు చేసే) ప్రాజెక్టులో పుట్టిన కోడ్ ఆధారంగా, ఇప్పుడు రాసిన ఫంక్షన్ మొత్తాన్ని ఒక్క బాణంతో వెనక్కి తెచ్చుకుని దిద్దుకోవచ్చు.

ప్ర: ఇంకా లోతుగా చదవడానికి ఏది?

సీఎండీ మాడ్యూల్ సోర్సే. నాలుగొందల లైన్ల దగ్గర ఉంటుంది, అందులో వివరణ కూడా చాలానే ఉంటుంది, మీ కంప్యూటర్‌లో ఇప్పటికే ఉంది. పైథాన్‌లో ఇంపోర్ట్ చేసి దాని '__ఫైల్__' ప్రింట్ చేస్తే ఎక్కడుందో చెప్తుంది. మొదట పార్స్‌లైన్, తర్వాత వన్‌సీఎండీ, తర్వాత సీఎండీలూప్, ఈ వరసలో చదవండి. అది అర్థమయ్యాక పీడీబీ సోర్స్ తెరవండి, అందులో సీఎండీని వారసత్వంగా తీసుకున్న క్లాస్ కనపడుతుంది, డూ_నెక్స్ట్, డూ_కంటిన్యూ అన్నీ మీరు రాసిన డూ_తూకం లాంటివే.